బ్యాక్టీరియాతో చెరకు పిప్పిని పెట్రోల్లో కలిపే ఇథనాల్‌గా మార్చడం మన చిత్తూరు పల్లెల్లో అయ్యే పనేనా?

ఇథనాల్ మాట పక్కన పెట్టండి. గోబర్ గ్యాస్ అయితే తప్పకుండా అవుతుంది.

మాది తవణంపల్లె వైపు. మా నాయన బెల్లం వండేవాడు. తిరుపతిలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసేటప్పుడు, ప్రాజెక్టు కోసం గానుగ పక్కన వానకు నాని కుళ్లుతున్న పిప్పి కుప్పలో చెయ్యి పెట్టాను. పైపైన చల్లగానే ఉంది, మోచేతి దాకా పోయేసరికి చుర్రుమంది. ఆ వేడంతా సూక్ష్మజీవులదే. గుప్పెడు పిప్పి కవర్లో కట్టుకుని బస్సెక్కాను. ల్యాబ్‌లో సీఎంసీ అనే సెల్యులోజ్ (మొక్కల పీచు పదార్థం) రకం కలిపిన జెల్లీలాంటి అగార్ ప్లేట్ల మీద అందులోని జీవులను పెంచి, సెల్యులోజ్‌కు అంటుకునే కాంగో రెడ్ రంగు పోసి, ఉప్పునీళ్లతో కడిగాను. ప్లేటంతా ఎర్రగా నిలిచింది, కొన్ని బ్యాక్టీరియా చుక్కల చుట్టూ మాత్రం లేత పసుపు వలయం తేలింది. ఆ మేర సెల్యులోజ్‌ను అవి తినేశాయన్నమాట. ఆ మధ్యాహ్నం అన్నానికి కూడా పోబుద్ధి కాలేదు.

నా బాధేమంటే, చాలా ప్రాజెక్టులు ఆ వలయం దగ్గరే ఆగిపోతాయి. ఫొటో తీసి, థీసిస్ బైండింగ్ చేయించి వదిలేస్తారు. మనకు బ్యాక్టీరియా కరువు లేదు. క్లాస్ట్రిడియం థర్మోసెల్లమ్ అనే బ్యాక్టీరియాలో సెల్యులోజ్‌ను అంటిపెట్టుకుని విరిచే ఎంజైముల గుంపును 1983లోనే కనిపెట్టారు. 60 డిగ్రీల వేడిలో బతికే ఆ జీవి కొంత ఇథనాల్ కూడా తానే చేస్తుంది. అసలు అడ్డం లిగ్నిన్, మొక్కను గట్టిపరిచే పదార్థం. సెల్యులోజ్‌ను కమ్ముకుని ఎంజైములను దగ్గరికి రానివ్వదు. దాన్ని వదిలించాలంటే ఆవిరో, ఆమ్లమో, పెద్ద ఫ్యాక్టరీయో కావాలి. హర్యానాలోని పానిపట్‌లో 2022లో మొదలైన ప్లాంటును ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని కట్టారు. మన చిన్న కమతాల నుంచి అంత పిప్పి ఒక్కచోటికి ఎవరు తోలతారు?

అదే ఆవులైతే మన జిల్లాలో ఏ ఊరికి పోయినా ఉన్నాయి. వాటి కడుపులో ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్ అనే బ్యాక్టీరియా రాత్రింబవళ్లు గడ్డిని అరగదీస్తూనే ఉంటాయి. పేడలోనూ ఈ పని తెలిసిన జీవులున్నాయి, గోబర్ గ్యాస్‌లో మండే మిథేన్ చేసేవీ ఉన్నాయి. ఇథనాల్‌ను కాచి నీళ్ల నుంచి వేరుచేయాలి. గ్యాస్ తనంతట తానే పైకొస్తుంది. సిలిండర్లు వచ్చాక గోబర్ గ్యాస్ గుంతలను పూడ్చేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది.

మీ ఇంట్లో గుంత ఉంటే పిప్పిని సన్నగా తరిగి, నానబెట్టి, పేడలో కొద్దికొద్దిగా కలపండి. ఎక్కువేస్తే తెట్టుకట్టి గ్యాస్‌కు అడ్డం పడుతుంది.