గట్టిమేళానికి ముందే చూడవలసినవి

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న పెళ్ళిలో గట్టిమేళం మొదలుకాగానే బాబు చెవులు మూసుకుని నేల మీద పడిపోవడం, నువ్వు వాణ్ణి ఎత్తుకుని బయటికి పరుగెత్తడం నేను చూశాను. "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అని వెనుక నుంచి ఎవరో అన్న మాట నీ చెవిన పడే ఉంటుంది. మా వాడి చిన్నతనంలో నాకూ అదే సలహా ఇచ్చారు; చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఒకసారి పాటించాను కూడా. వాడు ఏడుపు ఆపి తన చేతిని తానే కొరుక్కున్నాడు. ఆ తరువాత చాలా కాలం ఆ గదిలోకే అడుగు పెట్టలేదు.

మంకుపట్టు పట్టిన పిల్లవాడు ఏడుస్తూనే మనల్ని ఓరకంట గమనిస్తాడు, అడిగింది చేతిలో పెడితే ఊరుకుంటాడు. మన బాబులాగా, మా వాడిలాగా ఆటిజం (మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా) ఉన్న పిల్లలకు వచ్చే మెల్ట్‌డౌన్ అటువంటిది కాదు. శబ్దం, వెలుగు, వాసన, స్పర్శ అన్నీ కలిసి మోయలేనంత భారమైనప్పుడు వాడి అదుపు వాడికే తప్పిపోతుంది. ఎవరు చూస్తున్నారన్న ధ్యాస ఉండదు, అడిగింది ఇచ్చినా ఆగదు.

ఆ రోజును ఒకసారి వెనక్కి తిప్పి చూడు. వాణ్ణి నాలుగింటికే లేపారు, గుచ్చుకునే జరీ పంచె కట్టారు, రోజూ తినే ఇడ్లీకి బదులు పొంగలి పెట్టారు, వచ్చినవాళ్ళందరూ బుగ్గలు గిల్లారు, ఫోటోల లైట్లు కళ్ళలో కొడుతూనే ఉన్నాయి. గట్టిమేళానికి అరగంట ముందే వాడు నీ కొంగు నోట్లో పెట్టుకుని నములుతూ, "ఇంటికెప్పుడు?" అని పదే పదే అడుగుతున్నాడు. బయటికి తీసుకువెళ్ళవలసిన సమయం అదే, అమ్మాయీ. పాలు పొంగాక గరిట పట్టుకుంటే ఏం లాభం?

కాబట్టి ముందుగా ఒక నోటు పుస్తకం పెట్టు. గొడవ జరిగిన ప్రతిసారీ వేళ, చోటు, ముందు రాత్రి నిద్ర, తిన్నది, దానికి ముందు గంటలో జరిగింది రాయి. నేను మూడు వారాలు రాసేసరికి మా వాడి గొడవలు దాదాపు అన్నీ సాయంత్రం అయిదుకూ ఏడుకూ మధ్యనే వస్తున్నాయని బయటపడింది. ఇటువంటి పిల్లల్లో చాలామందికి ఆకలి, దాహం, మూత్రం వంటి లోపలి కబుర్లు సరిగా అందవు. మా వాడు ఆకలితో మండిపోతున్నా తనకు ఆకలి వేస్తోందని తెలియక గోడను తన్నేవాడు. సరిగ్గా ఆ వేళకే నేను కుక్కరు పెట్టి, మిక్సీ వేసేదాన్ని. బడి నుంచి రాగానే ఏమీ అడగకుండా పెరుగన్నం పెట్టి, అరగంట చీకటి గదిలో వదిలి, వంటను మధ్యాహ్నానికి మార్చాను. గొడవలు పూర్తిగా పోలేదు గానీ సగానికి పైగా తగ్గాయి.

ఎక్కడికైనా వెళ్ళేముందు ఆ చోటు ఫోటోలు ఫోనులో చూపించు. శబ్దం తగ్గించడానికి చెవులకు పెట్టుకునే మఫ్‌లు సంచిలో ఉంచుకో. హాలు చేరగానే నిశ్శబ్దంగా ఉండే మూల ఒకటి చూసి పెట్టుకో.

ఇన్ని చేసినా మెల్ట్‌డౌన్ వస్తే ప్రశ్నలు వేయకు, "నా వైపు చూడు" అనకు. లైటు ఆర్పి, తగిలే వస్తువులు తీసేసి, చుట్టూ మూగినవాళ్ళను పంపించి, దగ్గరలో మౌనంగా కూర్చో. ప్రమాదం ఉంటే తప్ప గట్టిగా పట్టుకోకు. బరువైన దుప్పటి కొందరికి హాయినిస్తుంది, కొందరికి అదే హింస. తరువాత మంచినీళ్ళిచ్చి పడుకోనివ్వు. ఆ రోజు పాఠాలు వద్దు.

భావాలకు పేర్లు నేర్పడం వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడే జరగాలి. "ఎందుకు ఏడ్చావు?" అన్న ప్రశ్నకు పెద్దవాళ్ళమే జవాబు చెప్పలేము. "చెవులు నొప్పా? పొట్ట బిగుసుకుందా?" అని ఒంటి భాషలో అడుగు. మేము ఆకుపచ్చ (బాగున్నాను), పసుపు (ఇబ్బంది మొదలైంది), ఎరుపు (ఇక భరించలేను) అట్టముక్కలు వాడాము. మా వాడు ముప్ఫై దాటినా పసుపు అట్ట ఫ్రిజ్ మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోతాడు.

గొడవలు హఠాత్తుగా ఎక్కువైతే పెంపకంలో తప్పు వెతకడం కన్నా ముందు పన్ను, చెవి, మలబద్ధకం చూపించు. ఈ పిల్లలకు మూర్ఛ వచ్చే అవకాశం కూడా ఇతరులకన్నా ఎక్కువ కనుక డాక్టరుకు ఆ సంగతీ చెప్పు. బడివాళ్ళు విసుక్కుంటే తగ్గవలసిన పని లేదు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి, గుర్తింపు ఉన్న బడి పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన వెసులుబాటు ఇవ్వవలసిందే. గంట మోగడానికి రెండు నిమిషాల ముందు వాణ్ణి బయటికి పంపమని రాతపూర్వకంగా అడుగు. శిక్షణకూ సలహాకూ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ (ఇప్పటి పేరు NIEPID) ఉంది; ఒకసారి వెళ్ళి రండి.

వచ్చే నెల మీ ఆడపడుచుగారి గృహప్రవేశం ముహూర్తం తెల్లవారుజామున అన్నావు. బాబును ముందు రోజు సాయంత్రమే నా దగ్గర వదిలి వెళ్ళు. వాడి పాత నిక్కరు, వాడు కప్పుకునే దుప్పటి మరిచిపోకు. ఆ రెండు రోజులూ నేను కుక్కరు పెట్టను.

ఇట్లు,
మీ పెద్దమ్మ