చదువు రాని పెద్దవాళ్ళు వృద్ధాప్య పరిశోధనల్లో ఎందుకు కనిపించరు?

వృద్ధాప్యం మీద జరిగే పరిశోధనల్లో పల్లెల వాళ్ళు, చదువు రాని ఆడవాళ్ళు ఎందుకంత తక్కువ, ఏం చేస్తే పెరుగుతారు అని అడిగారు. పెద్దవాళ్ళ సర్వే ఒకదానికి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఏడాది పాటు ఇల్లిల్లూ తిరిగాను. వాళ్ళు రామని అనడం లేదు. మనం అడిగే తీరులోనే వాళ్ళకి చోటు లేదు.

జ్ఞాపకశక్తి పరీక్షనే తీసుకోండి. ఎక్కువగా వాడే ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) అనే పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. మొత్తం 30 మార్కులు. తేదీ చెప్పాలి, కాగితం మీద ఉన్నది చదివి అలా చెయ్యాలి, సొంతంగా ఒక వాక్యం రాయాలి. మేం మొదట పట్టుకెళ్ళిన ప్రశ్నలూ ఇలాంటివే. ఒక అవ్వని ఇవాళ తారీఖు ఎంత అని అడిగితే "తారీఖులు నాకేం ఎర్క బిడ్డా, ఎల్లుండి అమాస" అంది. పెన్ను చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేసింది. ఫారంలో అన్నీ సున్నాలే. నేను సంచి సర్దుకుంటుంటే, ఉపాధి హామీ కూలి ఏ వారానిది వచ్చిందో, ఏ వారానిది రాలేదో వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ చెప్పింది. ఈమెకి మతిమరుపని ఎలా రాయను? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చదువు రానివాళ్ళని కలుపుకుంటే ఏం తెలుస్తుందో హైదరాబాద్ నిమ్స్‌లోనే చూశాం. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. చదువుకున్నవాళ్ళనే తీసుకుని ఉంటే, అదంతా చదువు మహిమే అనుకునేవాళ్ళం.

వేళ కూడా ముఖ్యం. పొద్దున పదకొండింటికి వెళ్తే సగం ఇళ్ళకి తాళాలే, అందరూ పనికి పోయుంటారు. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళాలి. కొడుకో కోడలో పక్కనుంటే జవాబు వాళ్ళే చెప్పేస్తారు కాబట్టి విడిగా మాట్లాడాలి. ఆస్పత్రికి రమ్మంటే బస్సు చార్జీ ఒక్కటే చాలదు, తోడొచ్చే మనిషికి పోయే కూలి కూడా ఇవ్వాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది వంతులు. నెలకో కొడుకు ఇంట్లో ఉండే ముసలివాళ్ళని ఏ ఇంటి లెక్కలోనూ రాయించరు, మీరు అడిగిన నెల "అన్న ఇంట్లో ఉంది" అంటారు. తర్వాత ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న అదనంగా అడగడం మొదలుపెట్టాం: "ఈ నెల ఇక్కడ లేని పెద్దవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అలా దొరికినవాళ్ళలో దాదాపు అందరూ భర్త పోయిన అవ్వలే.