కూలెంట్ లీకు: విప్పే ముందు చూడాల్సినవి

చిరంజీవికి ఆశీస్సులు.

కారు ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ దాని బాటిల్‌లో తగ్గిపోతూనే ఉందనీ, ఆ కూలెంట్ వేడిని గాలికి వదిలే రేడియేటర్‌ను మార్చేద్దామనుకుంటున్నాననీ రాశావు. దాని జోలికి ఇప్పుడే పోకు. ఎక్కడ కారుతోందో కళ్లారా చూడందే ఏ బోల్టూ విప్పొద్దు. నేల మీద చుక్క పడిన చోటే లీకు ఉందనుకోవడం పొరపాటు. పైనెక్కడో ఊరిన కూలెంట్ ఇంజన్ వెంట జారి, అడుగు కవరు మీదుగా పాకి, అన్నిటికన్నా కిందున్న అంచు నుంచి రాలుతుంది. అలా తడిసిన భాగాన్నే మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

అది కూలెంటేనా అన్నది ముందు తేల్చుకో. రాత్రి కారు కింద తెల్లని అట్టముక్క పరిచి పెట్టు. ఏసీ నుంచి కారే నీళ్లకు రంగూ వాసనా ఉండవు. కూలెంట్‌కైతే ఆకుపచ్చో గులాబీయో ఏదో ఒక రంగు, వేళ్ల మధ్య జారుడు, తియ్యటి వాసన ఉంటాయి. నోట మాత్రం పెట్టకు, అది విషం. కుక్కలూ పిల్లులూ దాన్ని నాకి చచ్చిపోతాయి, ఒలికింది వెంటనే కడిగెయ్.

ఇక రేడియేటర్ లేదా బాటిల్ మీది మూత. ఇంజన్ పూర్తిగా చల్లారాకే తియ్యాలి. నడుస్తున్నప్పుడు లోపలి కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు, ఒత్తిడి దాన్ని అణచి ఉంచుతుంది. మూత తిప్పిన మరుక్షణం ఆ ఒత్తిడి పోయి భగ్గున మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పైభాగానికి వచ్చే రబ్బరు పైపు (హోస్) చేతికి చల్లగా, నొక్కితే మెత్తగా తగిలేదాకా ఆగు. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్, కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ తిరుగుతుంది.

లీకు పట్టడానికి ప్రెషర్ టెస్టర్‌ను, అంటే ఒత్తిడి చూపే ముల్లున్న చేతి పంపును, మించింది లేదు. అద్దెకు దొరికినా తెచ్చుకో. చల్లని ఇంజన్‌కు మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే పంపు కొట్టు. చాలా కార్లకు అది 0.9 నుంచి 1.4 బార్ మధ్య ఉంటుంది. అంతకు మించితే బాగున్న ప్లాస్టిక్ ట్యాంకు కూడా పగలొచ్చు. పావుగంట ముల్లు కదలకపోతే బయటి లీకు దాదాపు లేనట్టే. పడిపోతుంటే టార్చి పట్టుకుని వెతుకు. వేడి ఇంజన్ మీద సన్నటి ఊట బయటికి రాగానే ఆవిరైపోతుంది, పైగా చలికి ముడుచుకున్నప్పుడే కారే జాయింట్లు కొన్ని ఉంటాయి. అందుకే ఈ పరీక్ష చల్లగా ఉన్నప్పుడే. మూతను కూడా అదే టెస్టర్ మీద చూడు. దాని స్ప్రింగు నీరసించినా, రబ్బరు ఎండినా ఎక్కడా చిల్లు లేకుండానే కూలెంట్ బయటికి పోతుంది.

వెతికేటప్పుడు తడి కన్నా ఎండిన మరకే ఎక్కువ చెబుతుంది. తెల్లగా గానీ, కూలెంట్ రంగులో గానీ పొక్కు కట్టిన చోటు కనబడితే దాని పై కొస దాకా వెళ్లు. హోస్ చివర్లలో క్లిప్పు పక్కన ఉబ్బినా, పిసికితే కరకరమన్నా ఆ పైపు పనికిరాదు. రేడియేటర్‌లో అల్యూమినియానికి ప్లాస్టిక్ ట్యాంకును మడిచి బిగించిన అంచూ, వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ మూత చుట్టూ చూడాలి. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ షాఫ్టు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే కూలెంట్ బేరింగులోకి పోకుండా ఆ దారిన బయటికి వస్తుంది. అక్కడి నుంచి ధార కట్టిన మరక ఉంటే పంపు మార్చాల్సిందే, ఆ రంధ్రాన్ని మూసే పని ఎప్పుడూ చెయ్యకు. పంపు ఇంజన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టుతో తిరిగేదైతే బెల్టు కూడా అప్పుడే మార్చు.

బయటంతా పొడిగా ఉంటే లోపలికి చూడాలి. ముందు సీటు కింద కార్పెట్ తడి, అద్దం మీద జిడ్డు పొగమంచు, తియ్యటి వాసన ఉంటే కారుతున్నది హీటర్ కోర్, అంటే కారు లోపలికి వేడిగాలినిచ్చే చిన్న రేడియేటర్. ఎగ్జాస్ట్‌లో ఇంజన్ వేడెక్కినా ఆగని తెల్లపొగ, స్టార్ట్ చేసిన కాసేపటికే రాయిలా గట్టిపడే హోస్, బాటిల్‌లో ఆగకుండా బుడగలు ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్ కింది సీలును, అనుమానించు. కూలెంట్‌లో పొగ కలిసిందో లేదో చూసే నీలి ద్రవం పరీక్ష ఉంది. రంగు పసుపుకు తిరిగితే బండి నడపడం ఆపు, అది నీ చేతి పని కాదు.

హోస్ మార్చడం మాత్రం నువ్వే చేసుకోవచ్చు. పాతది అతుక్కుంటే లాగకు, అది తొడిగి ఉన్న ప్లాస్టిక్ మెడ విరుగుతుంది. బ్లేడుతో పొడవునా కోసి ఒలిచెయ్. కొత్తదాని లోపల కాస్త కూలెంట్ రాయి, నూనె గానీ గ్రీజు గానీ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. మెడ మీదున్న ఉబ్బు గీత దాటాక, దాని వెనక క్లిప్పు పడాలి. గీత మీదే బిగిస్తే మళ్లీ కారుతుంది. లీకు మూసే పొడులూ ద్రవాలూ పోయొద్దు, అవి చిల్లుతో పాటు హీటర్ కోర్ సన్న గొట్టాలనూ పూడుస్తాయి.

కూలెంట్ రంగు చూసి కొనకు. రంగులకు ఉమ్మడి ప్రమాణం లేదు, కారు పుస్తకంలో చెప్పిన రకమే తీసుకో. నీళ్లు కలపని చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలుపు. కుళాయి నీళ్లలోని ఉప్పు లోపల పెచ్చులు కడుతుంది.

పోశాక గాలి తియ్యడంలోనే చాలామంది తొందరపడతారు. కారు ముందు భాగం కాస్త ఎత్తున ఉంచి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, సన్నగా పోస్తూ ఉండు. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగలు ఆగి నిండు ధార వచ్చాక బిగించు. ఆపై మూత పెట్టి ఇంజన్ నడుపు. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాలి, హీటర్ నుంచి వేడిగాలి రావాలి. చల్లగాలే వస్తుంటే లోపల గాలి ఇంకా ఉంది, టెంపరేచర్ ముల్లును నమ్మకు. పూర్తిగా చల్లారాక మట్టం చూసి నింపు. తర్వాత కొన్నాళ్లు పొద్దున్నే, బండి తియ్యకముందు, బాటిల్ మీద గీత పెట్టి చూస్తూ ఉండు.

ఈలోగా దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పాకితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తెరిచి, పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్. ఆ వేడిలో చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ చిట్లొచ్చు. గంటైనా సరే, చల్లారేదాకా ఆగు.

ఇట్లు,
మీ పెదనాన్న