బత్తాయి, రేగుపండు, రెండు మీటర్లు

హైదరాబాద్

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ గ్రహణాల వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు నాకు కోపం వచ్చిన చోటు చెబుతాను. పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి సూర్యుడిని చూడవచ్చని రాశావు. ఆ వాక్యాన్ని ఈ రోజే కొట్టివేయి. కంటిలోని రెటీనాకు నొప్పి తెలియదు. అది కాలిపోతున్నా పిల్లవాడు నవ్వుతూ చూస్తూనే ఉంటాడు. చంద్రగ్రహణానికి మాత్రం ఏ అడ్డూ అక్కరలేదని కూడా అక్కడే రాయి.

ఇక నీ బొమ్మ. అరచేతి వెడల్పులో సూర్యుడు, భూమి, చంద్రుడు అంటూ వరసగా మూడు గుండ్రాలు! ఈ బొమ్మ మీద నాకు ముప్పై ఏళ్ల పగ. దాన్ని చూసిన ఏ పిల్లకైనా ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం, ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం రావాలనే అనిపిస్తుంది. మరి ఎందుకు రావు? నీ వ్యాసంలో ఆ ప్రశ్నే లేదు.

నా మొదటి వ్యాసంలో ఉండేది. చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుందని ఒక పేరా రాశాను. పిల్లలకు అంకెలు ఎక్కవంటూ సంపాదకుడు ఆ పేరా తీసేసి, ఆ చోట మూడు గుండ్రాలు వేయించాడు. నెల తిరగకుండానే ఎనిమిదో తరగతి పిల్ల ఒకరు పోస్టుకార్డు రాసింది: 'నెలనెలా ఎందుకు రాదండీ?' ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పిల్లలకు అంకెలు బాగానే ఎక్కుతాయి, చేతికి అందేలా ఇవ్వాలి.

మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లి ఏడు సెంటీమీటర్ల బత్తాయి ఒకటి తెచ్చుకో. అది భూమి అయితే చంద్రుడు రేగుపండంత. రెండింటి మధ్య రెండు మీటర్ల పైచిలుకు దూరం. ఇదే కొలతలో సూర్యుడు రెండంతస్తుల ఇల్లంత ఉండి, 800 మీటర్ల అవతల ఉంటాడు. చంద్రుడికన్నా దాదాపు 400 రెట్లు వెడల్పు, దాదాపు 400 రెట్లు దూరం. అందుకే అంత చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుడిని కప్పగలుగుతాడు. ఇప్పుడు ఆ 5 డిగ్రీలు చూడు. రెండు మీటర్ల దూరంలో రేగుపండు జానెడుకు కాస్త తక్కువగా పైకో కిందికో జరుగుతుంది. దాని నీడ బత్తాయిని తాకకుండానే పోతుంది. పౌర్ణమినాడు బత్తాయి నీడ కూడా అంతే, రేగుపండుకు తగలదు. రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే రెండు బిందువుల దగ్గర అమావాస్యో పౌర్ణమో పడితేనే గ్రహణం.

ఆ బిందువులనే మన జ్యోతిర్గణితం రాహువు, కేతువు అంటుంది. నువ్వు వాటిని మూఢనమ్మకమని ఒక్క వాక్యంలో తోసేశావు. గ్రహణం నీడల పని అని ఆర్యభటుడు 499లోనే రాశాడు. పంచాంగం కట్టేవారు గ్రహణాన్ని నేటికీ ఆ బిందువులతోనే లెక్కిస్తారు. గుంటూరునూ మరచిపోయావు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఫ్రాన్స్ నుంచి అక్కడికి వచ్చాడు. ఆ ఏడాది సూర్యకాంతిని రంగులుగా విడదీసి చూసినప్పుడు పట్టుబడిన పసుపు గీతే హీలియం వాయువు జాడ చెప్పింది. తెలుగు పిల్లలకు ఇది చెప్పకపోతే ఎలా?

1980 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం సూర్యగ్రహణమని మా ఇంట్లో తలుపులన్నీ మూసేశారు. ఊరగాయ జాడీల మీద దర్భలు వేశారు. నగరానికి దగ్గరలోనే, జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర, పట్టపగలు చీకటి పడుతోందని నాకు తెలియదు. పెంకుల సందుల్లోంచి గోడమీద పడే గుండ్రటి వెలుగు మచ్చలు నా కళ్లముందే కొడవళ్లయ్యాయి. ఆ మచ్చలు సూర్యుడి బొమ్మలే. తలుపులు మూసినా గ్రహణం లోపలికి వచ్చింది.

2019 డిసెంబరు 26న, సూర్యగ్రహణంనాడు, మీ వాకిట్లో వేపచెట్టు కింద నేలంతా నెలవంకలు పరచుకున్నాయని నువ్వు నాలుగో పేజీలో రాశావు. అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ వాక్యాన్ని మొదటికి తీసుకురా, ఒక్క మాట కూడా మార్చకు. బొమ్మ మాత్రం మళ్లీ వెయ్యి. కాగితం చాలకపోతే డాబా మీద సుద్దముక్కతో గీసి, టేపుతో కొలిచి, అప్పుడు పంపు.