మీ ప్రశ్న – మా జవాబు: చందా గ్రూపులో చిచ్చు

ప్రశ్న: అనంతపురంలో బీటెక్ చదివిన బ్యాచ్ మాది. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాద్‌లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. క్లాస్‌మేట్ వాళ్ల నాన్న ఆపరేషన్‌కు వాట్సాప్ గ్రూపులో చందా ఎత్తితే కొంత మిగిలింది. వీధికుక్కల షెల్టర్‌కు ఇద్దామని ఒకరు, ఊరి బడికని ఇంకొకరు. మాటామాటా పెరిగి "నీ ప్యాకేజీకి వెయ్యేనా ఇచ్చేది" అనేదాకా పోయింది. ఒకతను స్క్రీన్‌షాట్లు నా కంపెనీ హెచ్ఆర్‌కు పంపుతానంటున్నాడు. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, అనంతపురం

జవాబు: గ్రూప్ పర్మిషన్స్‌లో 'సెండ్ మెసేజెస్' ఆపేస్తే అడ్మిన్లు మాత్రమే రాయగలరు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పి మరీ ఆపండి, లేకుంటే 'నోరు నొక్కారు' అని కొత్త రచ్చ. ఈలోపు లెక్క పెట్టండి: వచ్చింది, ఆసుపత్రికి కట్టింది, రసీదు ఫొటో, మిగిలింది. దాతల పేర్లు, మొత్తాలు పక్కపక్కన రాయొద్దు. నిప్పు అంటుకునేది అక్కడే. యూపీఐ రిఫరెన్స్ నంబరు 12 అంకెల్లో చివరి నాలుగు వేసి, ఎదురుగా మొత్తం రాయండి: '7315 – ₹1,000'. ఎవరిది వాళ్లు చూసుకుంటారు, పక్కవాడిది తెలియదు. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి లెక్కలో కలపొద్దు. దొంగ స్క్రీన్‌షాట్ చేయడం పెద్ద విద్యేం కాదు. బ్యాంకు స్టేట్‌మెంటులో పడిందే లెక్క.

మిగిలిన డబ్బుకు ఓటింగ్ పెట్టొద్దు. ఓడినవాళ్లు ఊరుకోరు. ఆపరేషన్ పేరు చెప్పి తీసుకున్నది ఆ రోగి మందులకే పోవాలి, అక్కర్లేదంటే వేసినవాళ్లకు వారి వంతు వెనక్కి. కుక్కలకు, బడికి వేరువేరుగా ఎత్తుకోండి. ఏ సేవ గొప్పదన్న వాదన తెగేది కాదు, తెగాల్సిన పనీ లేదు.

ఇకమీదట చందా అడిగే మెసేజ్‌లోనే ఎంత కావాలో, ఏ తేదీకి ఆపుతారో, మిగిలితే ఏం చేస్తారో రాసెయ్యండి. ఎవరి జీతం ఖాతాలోకీ వేయించొద్దు. రేపు స్టేట్‌మెంట్ అడిగితే ఇంట్లో ఈఎంఐలన్నీ బయట పెట్టాలి, పెట్టకపోతే అనుమానం. ఇద్దరూ సంతకం చేస్తేనే డబ్బు కదిలే ఉమ్మడి ఖాతా మేలు. దానికి మామూలుగా యూపీఐ ఐడీ రాదు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇచ్చి వేయించుకోవాలి. వైద్యానికైతే నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టించడం అన్నిటికన్నా శుభ్రం. అంతకుముందే ఆ ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం సహాయకుణ్ణి గానీ, 104కు ఫోన్ చేసి గానీ అడగాలి. తొందరలో ఈ మెట్టు దాటేసి చందాకు దిగుతుంటారు.

హెచ్ఆర్ సంగతి: అతను పంపితే పంపనివ్వండి, పోటీకి మీరు పంపకండి. ఎవరూ మెసేజ్‌లు డిలీట్ చేయకముందే 'ఎక్స్‌పోర్ట్ చాట్' చేసి పెట్టుకోండి. కత్తిరించిన ముక్కకు మొత్తం సంభాషణే జవాబు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం దాచకండి.

ప్రశ్న: చందా లెక్క అడిగినందుకు 66ఎ కింద కేసు పెడతామంటున్నారు. అడ్మిన్‌నూ లాగుతారట.
– ఓ పాఠకురాలు, కడప

జవాబు: ఆన్‌లైన్‌లో అభ్యంతరకర రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. పరువు నష్టం మాత్రం ఉంది, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. "లెక్క చూపండి" అంటే ప్రశ్న. "డబ్బు తిన్నాడు" అని రాస్తే ఆరోపణ, దానికి రుజువు మీరే చూపాలి. సభ్యుడు రాసినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో చెప్పింది.

ప్రశ్న: మేం చదివిన బడికి గదులు కట్టించాలని ట్రస్టు పెట్టాం. అమెరికా మిత్రులు డబ్బు పంపుతామంటే సగం మంది నేరమంటున్నారు. తిట్లదాకా వచ్చింది.
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: పాస్‌పోర్టు చూస్తే తేలిపోతుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. దానికి ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. మామూలుగా 3 ఏళ్ల వయసు, ఆ కాలంలో సేవా పనులపై ₹15 లక్షల ఖర్చు చూపనిదే రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ ద్వారా తెప్పించుకుందామన్నా 2020 సవరణ ప్రకారం ఆ సంస్థ డబ్బును మీ ట్రస్టుకు బదిలీ చేయకూడదు. గదులు ఆ సంస్థే కట్టించాలి.