జీతం సరే, చేతిలో ఎంతుంది?

విజయవాడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: బీజింగ్‌లో నెలకు 32 వేల యువాన్లు, షాంఘైలో 35 వేలు, రెండు ఆఫర్లున్నాయి, ఎక్కడ ఎక్కువ మిగులుతుంది? భార్యతో వెళ్తారు, చేతిలో 1.2 లక్షల రూపాయలున్నాయి, అక్కడ స్థిరపడే ఖర్చులో మిగతాదానికి 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని ఏడాదిలో తీర్చేస్తారట.

ఏ ఊరన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ లోన్ ఆపండి. ఆఫర్ లెటర్ రాగానే అప్పు చేసేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే మీ ఉత్తరానికి జవాబిస్తున్నాను.

రెండు చోట్లా ఇల్లు తీసుకోవాలంటే సాధారణంగా ఒక నెల డిపాజిట్, మూడు నెలల అద్దె ఒకేసారి కట్టాలి. ఫ్లాట్ అద్దె 7 వేల యువాన్లనుకుంటే, సంతకం పెట్టిన రోజే 28 వేలు వెళ్లిపోతాయి, అంటే యువాన్ 12 రూపాయల లెక్కన 3.3 లక్షలపైనే, ఏజెంటుంటే ఆయన కమీషన్ వేరు, అప్పటికి మీకు మొదటి జీతం కూడా రాదు. మీ వర్క్ పర్మిట్ ఆ కంపెనీకే కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే పర్మిట్ రద్దవుతుంది, కొత్తది త్వరగా దొరక్కపోతే సామాను సర్దుకోవాల్సిందే, లీజు మధ్యలో వదిలినందుకు డిపాజిట్ కూడా చాలాసార్లు తిరిగి రాదు, ఇక్కడ ఇఎంఐ మాత్రం ఠంచనుగా కట్ అవుతుంది. డిపెండెంట్ వీసా మీద మీ భార్య ఉద్యోగం చేయకూడదు కాబట్టి రెండో జీతం లేదు.

ఉద్యోగం పోయినా తట్టుకోవాలంటే ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. ఇద్దరి ఖర్చు నెలకు 13 వేల యువాన్లు వేసుకున్నా అది 9 లక్షల రూపాయలు దాటుతుంది, మీ దగ్గరున్నది 1.2 లక్షలే! ముందు మీరొక్కరే వెళ్లి షేరింగ్‌లో గది తీసుకోండి. ఆ 9 లక్షలు ఇక్కడి ఖాతాలో చేరాకే ఆమెను పిలిపించుకోండి. అప్పటిదాకా కొత్త ఫోన్, ట్రిప్పులు వద్దు. జనవరిలో టేక్-హోమ్ చూసి మురిసిపోకండి, పన్ను ఆ ఏడాది అప్పటిదాకా వచ్చిన మొత్తం ఆదాయం మీద లెక్కేసి కోస్తారు, పోనుపోను చేతికొచ్చేది తగ్గుతుంది.

ఇక ఊరు: బీజింగ్‌లో నవంబర్ 15 నుంచి మార్చి 15 వరకు ఇళ్లకు సెంట్రల్ హీటింగ్ ఉంటుంది, షాంఘైలో అది లేదు, తేమతో కూడిన చలికి ఏసీ బిల్లు మీదే. బీజింగ్‌లో ఆఫీసుకు దూరంగా ఇల్లు తీసుకుంటే రోజూ గంటలు ప్రయాణానికే పోతాయి. 3 వేల తేడా కోసమే షాంఘై ఎంచుకోవద్దు.

టర్మ్ పాలసీ (జీవిత బీమా) బయల్దేరే ముందే తీసుకోండి, చైనా వెళ్తున్నట్టు దరఖాస్తులో రాయండి. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మొత్తం) తర్వాత చూద్దాం. ఈ వారమే రెండు హెచ్ఆర్‌లకూ మెయిల్ పెట్టండి: మొదటి నెల బస ఎవరు చూస్తారు, అద్దెకు అడ్వాన్స్ ఇస్తారా, ప్రొబేషన్‌లో తీసేస్తే టికెట్ ఎవరిది? రాతపూర్వకంగా జవాబివ్వని కంపెనీ ఆఫర్‌ను పక్కన పెట్టేయండి.