కార్డులు విసిరేసే బాబుకి

మీ మూడేళ్ల డౌన్ సిండ్రోమ్ బాబు, మాటల బదులు చేతికిచ్చి కావాల్సింది అడగడానికి పెట్టిన బొమ్మల కార్డులు విసిరేసి, ఏది కావాలన్నా మీ చేయి పట్టి లాగుతున్నాడన్నారు కదండీ. ఒకేసారి ఎనిమిది కార్డులు ముందు పెట్టడమే ఇబ్బంది. ఏడు తీసేయండి. వాడికి బాగా ఇష్టమైనది, కొంచెం కొంచెంగా ఇవ్వగలిగేది ఒక్కటి ఎంచుకోండి. సబ్బు బుడగలైతే మరీ మంచిది.

ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. మీరు బుడగల సీసా పట్టుకుని ఎదురుగా కూర్చోండి. వాడు సీసా కోసం చేయి చాచగానే, వెనక కూర్చున్నవాళ్లు ఏమీ మాట్లాడకుండా ఆ చేతిని ముందున్న బుడగల బొమ్మ కార్డు మీదికి మళ్లించి, తీయించి, మీ అరచేతిలో పెట్టించాలి. పెనుగులాడితే బలవంతం వద్దు. కార్డు మీ చేతికి తగిలిన క్షణమే “బుడగలు!” అని ఊదేయండి. ఆలస్యమైతే కార్డుకీ బుడగకీ లంకె కుదరదు. “ఏం కావాలి?” అని అడక్కండి, మీరు అడిగేదాకా ఎదురుచూడటం అలవాటైపోతుంది.

వెనకవాళ్ల సాయం చివరి నుంచి తగ్గించుకు రండి: ముందు మీ చేతిలో వదలడం వాడికే విడిచిపెట్టండి, తర్వాత అందించడం, ఆఖర్న తీయడం. గది అవతలున్న మీ దగ్గరికి కూడా తనంతట తాను తెచ్చిస్తున్నప్పుడే రెండో కార్డు.

కార్డులతో మాటలు ఆగిపోతాయన్న భయం అక్కర్లేదు. వినికిడి పరీక్ష మాత్రం చేయించండి, ఈ పిల్లల్లో మధ్యచెవిలో నీరు చేరడం మామూలే.